ఆపరేటర్ మామతో నాలుగు రోజులు, మా బెంగళూరులో

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, హిందూపురంలో ముప్పై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్ పని చేసినోడు. మానేసి ఎన్నేళ్ళయినా ఊళ్ళో ఇప్పటికీ ఆపరేటరన్నా అనే పిలుస్తారు. బెంగళూరు ఆయనకి కొత్తేం కాదు, నూరు కిలోమీటర్లు, రైలెక్కితే రెండు గంటలు, కానీ వచ్చినప్పుడల్లా ఆస్పత్రికో పెళ్ళికో లేకపోతే మిషన్ స్పేర్లకో వచ్చి అదే సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఈసారి సంక్రాంతి అయిన వారం ఫోన్ చేసి "ఒరే, నాలుగు దినాలు ఉంటా, లాల్‌బాగు విధానసౌధ నాకొద్దు, ఇరవై రెండేళ్ళుగా నువ్వు యాడ తింటాండావో, యాడ తాగుతాండావో, యాడ సినిమా చూస్తాండావో అది చూపీ" అన్నాడు. నాకింకేం కావాలి, ఈ ఊళ్ళో ప్రతి కాఫీ కొట్టు మీద ఒక అభిప్రాయం పెట్టుకొని వినేవాడు దొరక్క తిరుగుతున్నోణ్ణి.

శుక్రవారం

పొద్దున ఏడుకల్లా మామ స్నానం చేసి తల దువ్వుకొని రెడీ. మేముండేది హనుమంతనగర్, గాంధీ బజార్ నడిచే దూరమే. ఫస్ట్ టిఫిన్ విద్యార్థి భవన్‌లో అని రాత్రే డిసైడ్ అయిపోయా, దారంతా లెక్చర్ ఇచ్చుకుంటా నడిచా, 1943లో పెట్టారు మామా, గోడల మీద కన్నడ రచయితల బొమ్మలుంటాయి, సర్వర్లు ఒక్క చేతి మీద ప్లేట్లు పేర్చుకొని వస్తారు, నీకు కళ్ళు తిరుగుతాయి చూడు, అని చెప్తా చెప్తా ముందుకెళ్ళి నిలబడితే షట్టర్ దించి ఉంది. శుక్రవారం సెలవు. ఇవాళ కొత్తగా పెట్టింది కాదు, ఎప్పుడూ శుక్రవారమే సెలవు, ఈ ఊళ్ళో అది తెలియనోడు టూరిస్ట్ అని నేనే ఎంతమందికి చెప్పానో. మామ ఏమీ అనలేదు, షట్టర్ వైపు చూసి "ఆట లేదా ఈ పొద్దు" అన్నాడంతే.

అక్కడి నుంచి శంకరపురం, బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నుంచి ఉన్న కొట్టు, ఐటమ్స్ వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ. కూర్చోడానికి లేదు, రోడ్డు పక్కన నిలబడి తినాల్సిందే. సాంబారు అస్సలు ఉండదు. ప్లేట్లో ఇడ్లీ పెట్టి ఇస్తారు, పక్కనే ఒకాయన చట్నీ పోస్తా ఉంటాడు, ఎన్నిసార్లు వెళ్ళినా మొహం చిట్లించకుండా పోస్తాడు, అదీ నాకు నచ్చేది. మామ మూడుసార్లు వెళ్ళాడు. మా ఇళ్ళల్లో ఇడ్లీకి చెనిక్కాయల చట్నీ ఉండాలి, మామకైతే అది లేకపోతే ఇడ్లీయే కాదు, అందుకే కొంచెం భయపడ్డా, కానీ ప్లేటు నాకినంత పని చేసి "సాంబారు ఉంటే దీన్ని ఎవురు చూస్తారురా, అందుకే పెట్టలేదు వీళ్ళు" అన్నాడు. తర్వాత బై టూ కాఫీ. ఒక కాఫీ ఇద్దరు పంచుకోవడం హిందూపురంలోనూ ఉంది, కాకపోతే ఇక్కడ కౌంటర్లో బై టూ అని అడగడానికి ఎవడూ సిగ్గుపడడు, కారులో వచ్చినోడు కూడా అడుగుతాడు.

నేను గమనించిందేంటంటే, మామ ఏ చోటికెళ్ళినా ముందు వెనక్కెళ్ళి నిలబడతాడు, గోడకానుకొని జనాన్ని చూస్తాడు, తర్వాతే తింటాడు. అదేం అలవాటు మామా అంటే "ముప్పై ఏండ్లు ఆ కిటికీ సందులోంచి జనాల తలకాయలే చూస్తి, బొమ్మ బాగుందా లేదా తలకాయలే చెప్తాయి, కదలకుంటే బాగున్నట్టు" అన్నాడు. ఇక నాలుగు రోజులూ ఇదే గొడవ, ఏ హోటల్ కెళ్ళినా తలకాయల లెక్క.

మధ్యాహ్నం జయనగర్ వైపు తిప్పాను. ఈ నిలబడి తినే దర్శిని అనే వ్యవహారమంతా ఆ పక్కనుంచే మొదలైంది, 1983లో కెఫే దర్శిని అని పెట్టారు, ఆ పేరే తర్వాత ఊళ్ళో నిలబడి తినే ప్రతి హోటల్‌కీ జాతి పేరు అయిపోయింది. టోకెన్ తీసుకో, కౌంటర్లో పెట్టు, తిను, పో. నా వరకు బెంగళూరు అంటే ఇదే. ఇప్పుడు కొత్తగా పాతవాటిలాగా కనిపించే టిఫిన్ సెంటర్లు వచ్చాయి, ఇత్తడి ఫిల్టరు, గోడకి పాత ఫోటోలు (ఎవరి తాతవో వాళ్ళకే తెలియదు), దోస మీద దోసంత వెన్న, బయట ఫోన్లు పట్టుకొని గంట క్యూ. దోస బాగోదని కాదు, బాగుంటుంది. కానీ ఆ ఏరియా వాళ్ళు ఒక్కరు కనపడరు ఆ క్యూలో. దోస చల్లారినా పర్లేదు ఫోటో రావాలి. మామ అలాంటి ఒకదాని ముందు ఐదు నిమిషాలు నిలబడి "తలకాయలన్నీ కిందికే ఉండాయి కదరా" అన్నాడు.

సాయంత్రం గాంధీ బజార్‌లో అనపకాయల సీజన్. ఇక్కడ అవరెకాయి అంటారు, పితికిపప్పుని హితికిద బేళె అంటారు, మాటలు కూడా పెద్ద తేడా లేదు. బస్తాల పక్కన ఆడోళ్ళు కూర్చొని పితికి పితికి కుప్పలు పోసి అమ్ముతున్నారు. మామకి అది మింగుడు పడలేదు. మా ఇళ్ళల్లో రాత్రి గింజలు నానబెట్టి పొద్దున ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని పితకాలి, ఒకడు గింజ ఎగరేస్తే ఇంకోడి కంట్లో పడాలి, పితికినవి కొనుక్కొచ్చి చారు చేస్తే అదేం చారు అని ఆయన బాధ. బాధపడుతూనే అర కిలో తూయించాడు.

శనివారం

ఇవాళ మొత్తం షాపులు, రోడ్లు, రాత్రికి పబ్బు అని ప్లాన్. మామకి పబ్బు అనేది ఒకసారి చూడాలని కోరిక, "తాగడానికి కాదు, చూడటానికి" అని మా ఆవిడ ముందు రెండుసార్లు చెప్పాడు.

నేషనల్ కాలేజ్ దగ్గర మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో దిగాం. మెజెస్టిక్ అంటే అందరికీ బస్టాండే, కానీ అది ఒక సినిమా హాలు పేరు, హాలు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం బస్టాండుకి మిగిలిపోయింది. కెంపేగౌడ రోడ్డులో నడుస్తుంటే మామ కాసేపు గైడయ్యాడు, నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, స్పేర్లకి వచ్చిన ప్రతిసారీ ఇక్కడొక మ్యాట్నీ చూసి వెళ్ళేవాడంట. అలంకార్ ఉన్న చోట షాపింగ్ కాంప్లెక్సు. కపాలి కూల్చేశారు. సంతోష్, నర్తకి ఒకే బిల్డింగులో ఉంటాయి, వాటి ముందు నిలబడి పోస్టర్ చూసి కాసేపు కదల్లేదు. ఆ రోడ్డు ఒకప్పుడు హాళ్ళ వరస, ఇప్పుడు చీరల షాపులు, చెప్పుల షాపులు, లాడ్జీలు. నాకు పెద్దగా దిగులుండదు వీటి మీద, నేనొచ్చేసరికే సగం పోయాయి, కానీ పక్కన నడిచే మనిషి మాట్లాడకుండా నడుస్తుంటే మనకీ గొంతు పట్టేస్తుంది.

ఎస్పీ రోడ్డులో మళ్ళీ మనిషయ్యాడు. ఇంట్లో పాత ఆంప్లిఫైయర్ ఉంది, వాల్యూమ్ తిప్పితే కర్రుమని శబ్దం, దానికి వాల్యూమ్ కంట్రోల్ కావాలి. నేను ఆన్‌లైన్లో తెప్పిస్తా అంటే వినడు. మూడు షాపుల్లో లేదన్నారు, నాలుగో దాంట్లో మంచం అంత వెడల్పున్న కొట్టు, లోపల ఒక ముసలాయన, మామ పాతది జేబులోంచి తీసి చేతిలో పెడితే దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి చెయ్యి పెట్టి ఒక అట్ట పెట్టె లాగి అందులోంచి అచ్చం అలాంటిదే తీశాడు. ముప్పై రూపాయలు. మామ రెండు కొన్నాడు. వస్తువు చూస్తేనే నంబరు చెప్పే షాపు అది, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. పెద్ద షోరూముల్లో ఐదుగురు వచ్చి వాటర్ ఇస్తారు, సోఫాలో కూర్చోబెడతారు, అడిగింది మాత్రం స్టాక్ ఉండదు.

మధ్యాహ్నం చర్చ్ స్ట్రీట్, ఇండియా కాఫీ హౌస్. ముందు ఎంజీ రోడ్డులో ఉండేది, 2009లో ఇక్కడికి మారింది. తలపాగా పెట్టుకున్న సర్వర్లు, ఎర్ర కుర్చీలు. కాఫీ బోర్డు వాళ్ళు కాఫీ హౌస్‌లు మూసేస్తామంటే పనిచేసేవాళ్ళే సొసైటీ పెట్టుకొని తీసుకున్నారు, అలాంటి మొదటి సొసైటీ 1957లో బెంగళూరులోనే పెట్టారు. ఇది చెప్పగానే మామ సర్వర్‌ని కొత్తగా చూడటం మొదలుపెట్టాడు, "అంటే ఈయప్ప ఓనరా" అని మెల్లగా అడిగి, కాఫీ తెచ్చినప్పుడు కుర్చీలోంచి సగం లేచాడు కూడా. నిజం చెప్పాలంటే ఫిల్టర్ కాఫీ మా బసవనగుడి వైపు బాగుంటుంది, ఇక్కడికి కాఫీ కోసం రాను నేను, కూర్చోడానికి వస్తా. ఒక కాఫీ పెట్టుకొని పేపరు మొత్తం చదివే మనుషులు ఇంకా ఉన్నారిక్కడ. పక్కనే బ్లాసమ్, పాత పుస్తకాల షాపు, అందులో దూరితే నేను రెండు గంటలు బయటికి రాను కాబట్టి ఇవాళ దూరలేదు.

రాత్రి పబ్బు. ఇక్కడ మన పరువు పోయింది. మొదటి దాని దగ్గర నల్ల షర్టు వేసుకున్న బౌన్సర్ చెయ్యి అడ్డం పెట్టి శనివారం స్టాగ్ ఎంట్రీ లేదు సార్ అన్నాడు. అంటే ఆడవాళ్ళు లేకుండా వచ్చిన మగవాళ్ళని రానివ్వరు. నాకు 46, మామకి 68. "ఏమంటాడు?" అన్నాడు మామ. చెప్పా. కాసేపు ఆలోచించి "మీ అత్తను తెచ్చుకోవాల్సిండె" అన్నాడు. ఆ మాటకి బౌన్సర్ కూడా నవ్వాడు, చిత్తూరు పిల్లోడంట, తెలుగు అర్థమైంది, అయినా రానివ్వలేదు.

రెండోది మేడ మీద, రానిచ్చారు. గోడకి నాలుగు టీవీలు, నాలుగింటిలో నాలుగు మ్యాచులు, ఒక్కడూ చూడటం లేదు, పాట ఎంత గట్టిగా ఉందంటే మేం ఎదురెదురుగా కూర్చొని సైగలు చేసుకున్నాం. రెండు బీర్లు, ఒక పీనట్ మసాలా, ఒక చికెన్. బిల్లొచ్చింది. నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి, బిల్లు చదవకుండా ఉండలేను. 1,120 మీద సర్వీస్ చార్జ్ 10 శాతం, 112 కలిపారు. సర్వీస్ చార్జ్ బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలపకూడదని 2022లోనే వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా సరేనంది, అదే మెల్లగా చెప్పా, తీసేశారు, కానీ మేనేజర్ మొహం చూస్తే నేను వాళ్ళింట్లో గిన్నె ఎత్తుకుపోతున్నట్టు పెట్టాడు. అడిగినోడికి తీసేస్తారు, అడగనోడు కడతాడు, శనివారం రాత్రి ఆ చప్పుడులో ఎవడడుగుతాడు.

"ఇంతేనా పబ్బంటే" అని మామ మెట్లు దిగుతా అన్నాడు. ఆ మాట పడలేకపోయా. పదా అని రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్‌కి తీసుకెళ్ళా. 1989 నుంచి ఉంది, ఇరుకు మెట్లు, చెక్క బెంచీలు, గోడ నిండా పాత రాక్ బ్యాండ్ల పోస్టర్లు, పాటలు కూడా ఆ కాలానివే. ఈ పాటలు మామకి ముక్క అర్థం కాలేదు కానీ అక్కడ మాట మాత్రం వినపడుతుంది. మూల బెంచీ చూసుకొని గోడకానుకున్నాడు. చుట్టూ చూసి "ఇది హాలు లెక్క ఉండాది" అన్నాడు, ఆయన డిక్షనరీలో అంతకంటే పెద్ద మాట లేదు. ఇందిరానగర్ వైపు బీరు వాళ్ళే కాచే బ్రూవరీలు ఉన్నాయి, టాయిట్ 2010 నుంచి నడుస్తోంది, బీరు నిజంగా బాగుంటుంది, కానీ మా హనుమంతనగర్ నుంచి శనివారం ఇందిరానగర్ పోయి రావడం అంటే హిందూపురం పోయి రావడమే.

అసలు నా సొంత చోటు పెకోస్ కూడా కాదు. మా ఇంటి దగ్గర ఒక బార్ అండ్ రెస్టారెంట్ ఉంది, ట్యూబ్‌లైట్, స్టీలు గ్లాసులో నీళ్ళు, చిన్న ప్లేట్లో కారం వేసిన పల్లీలు, బిల్లు చీటీ మీద చేత్తో రాసిస్తారు. పేరు చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది.

ఆదివారం

లేటుగా లేచాం. భోజనానికి రెసిడెన్సీ రోడ్డు నాగార్జున. 1984 నుంచి అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి. బెంగళూరు వాళ్ళకి ఆంధ్రా స్టైల్ అంటే ప్రాణం, కన్నడ వాళ్ళు, తమిళ వాళ్ళు, ఉత్తరాది వాళ్ళు అందరూ క్యూలో ఉంటారు, మనమే తక్కువ. పచ్చిమిరపకాయలతో చేసే ఆ చిల్లీ చికెన్ చూసి మామ "ఇది మనదా? మనింట్లో ఎవురు చేసినారు ఇది?" అని అడిగాడు. ఎవరూ చెయ్యలేదు. ఆంధ్రా స్టైల్ అనేది చాలా వరకు బెంగళూరు వంటే అని నా అనుమానం, ఆంధ్రాలో అడిగితే దొరకదు. కానీ రెండోసారి పెట్టించుకున్నాడు.

సాయంత్రం ఫస్ట్ షో. నేను మామూలుగా తెలుగు సినిమా అయితే ఊర్వశికి పోతా, లాల్‌బాగ్ వైపు ఉంటుంది, పెద్ద తెర, సౌండు గట్టిది, పెద్ద హీరో సినిమా మొదటి రోజు అక్కడ చూస్తే హిందూపురంలో ఉన్నట్టే ఉంటుంది, కాగితాలు కూడా ఎగరేస్తారు. మల్టీప్లెక్సులకి పోవడం తగ్గించేశా. 2025 సెప్టెంబర్లో గవర్నమెంటు టికెట్టు 200 దాటకూడదని ఆర్డర్ ఇస్తే పది రోజులు సంబరపడ్డాం, తర్వాత హైకోర్టు స్టే ఇచ్చింది, మళ్ళీ మామూలే. వంద లోపు టికెట్టుకి జీఎస్టీ 5 శాతం, దాటితే 18, మరి వంద లోపు టికెట్టు ఈ ఊళ్ళో ఎన్ని చోట్ల ఉందో వేళ్ళు మడిచి చెప్పచ్చు.

కానీ మామని తీసుకెళ్ళింది మా వైపే ఒక చిన్న సింగిల్ స్క్రీన్‌కి. హాలు పేరు రాయను, ఎందుకంటే ఇంటర్వెల్లో అక్కడి ఆపరేటర్ మమ్మల్ని క్యాబిన్‌లోకి రానిచ్చాడు, అది వాళ్ళ ఓనర్‌కి తెలియకూడదు. సినిమా మొదలయ్యాక పది నిమిషాలకే మామ సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. తెర వైపు కాదు, తలల మీదుగా వచ్చే వెలుతురు వైపు. వెనక వరస వాళ్ళు ఇబ్బందిగా కదిలారు, నేను సారీ చెప్పా. "ఊగడం లేదురా" అన్నాడు. రీలు సినిమాకి కార్బన్ల వెలుతురు కొంచెం ఊగేదంట, రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట, అవి అరిగేకొద్దీ నల్ల అద్దంలోంచి చూస్తా దగ్గరికి జరపాలి, మర్చిపోతే తెర పసుపు తిరుగుతుంది, హాల్లో ఈలలు.

క్యాబిన్‌లో ఆపరేటర్ పాతికేళ్ళ కుర్రాడు. ఒక ప్రొజెక్టర్, కింద సర్వర్ అనే కంప్యూటర్, ఏసీ. మూలన దుప్పటి కప్పి పాత 35 ఎంఎం మిషన్. మామ దుప్పటి తీసి, ఫిల్మ్ పోయే గేటు తలుపు వేలితో ఇలా తెరిచి, అలా మూశాడు, క్లిక్కుమంది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాడు. కుర్రాడు చూస్తున్నాడు. "అన్నా, రీలు మారేది ఎట్ల తెలుస్తుంది?" అని అడిగాడు. మామ గోడ మీద గాల్లో ఒక తెర గీసి కుడి వైపు పై మూలలో వేలు పెట్టాడు. "ఈడ చుక్క పడుతుంది. ఫస్టు చుక్కకి రెండో మిషన్ మోటారు ఆన్ చెయ్యాల, ఏడెనిమిది సెకండ్లకి రెండో చుక్క, అప్పుడు మార్చాల. రెప్ప వేసినావా, తెర తెల్లగైపోతుంది." ఆ కుర్రాడు చిన్నప్పటి నుంచి ఆ చుక్క ఎన్నోసార్లు చూశాడంట, ఫిల్మ్ పాడైందేమో అనుకునేవాడంట.

మరి ఇప్పుడు నీకేం కష్టం అని అడిగాడు మామ. కుర్రాడు చెప్పింది ఏంటంటే సినిమా హార్డ్ డిస్కులోనో శాటిలైట్లోనో ముందే వచ్చేస్తుంది, కానీ దానికి తాళం ఉంటుంది, కీ అంటారు, ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు, ఈ సర్వర్లోనే అని పంపిస్తారు, అది రాకపోతే సినిమా లోపలున్నా ఆడదు. పెద్ద సినిమాలకి డబ్బు లెక్కలు తేలక అర్ధరాత్రి దాకా కీ రాదు, కింద జనం గేట్లు ఊపుతుంటారు. మామ మొహం వెలిగిపోయింది. "మాకు బాక్సు!" అన్నాడు. రీళ్ళ పెట్టె బస్సులో రావాలి, బస్సు లేటయితే బాక్సు రాలేదు బాక్సు రాలేదు అని ఊరంతా హాలు ముందే. ఇద్దరూ నవ్వుకున్నారు, నేను మధ్యలో కాఫీ కప్పులు పట్టుకొని నిలబడ్డా. సెకండాఫ్ మొత్తం మేం అక్కడే చూశాం, ఆ చిన్న కిటికీలోంచి. సినిమా ఎలా ఉందంటే నన్నడక్కండి. మామ మాత్రం బయటికొచ్చి తీర్పు చెప్పాడు, ఇంటర్వెల్ తర్వాత తలకాయలు బాగా కదిలినాయి, పది రోజులు ఆడితే గొప్ప అని.

సోమవారం

సాయంత్రం రైలు. పొద్దున్నే మళ్ళీ విద్యార్థి భవన్, ఈసారి తెరిచి ఉంది, పేరు రాయించి ముప్పావు గంట వెయిట్ చేశాం. మల్లేశ్వరం వాళ్ళు తమ సీటీఆర్ హోటల్ బెన్నె (వెన్న) దోస ముందు ఇదెంత అంటారు, ఆ గొడవ ఈ ఊళ్ళో తెగేది కాదు, నేను బసవనగుడి పార్టీ, మా దోస మందంగా, పైన కరకర, లోపల మెత్తగా ఉంటుంది, మిగతాది వాళ్ళిష్టం.

లోపల సీటు దొరికాక మామ గోడవైపు కూర్చున్నాడు, జనం కనపడేట్టు. వంటింటి తలుపులోంచి సర్వర్ వచ్చాడు, పంచె, ఎడమ చెయ్యి మీద మణికట్టు నుంచి భుజం దాకా దోస ప్లేట్లు ఒకదాని మీద ఒకటి. మామ తల ఊపుకుంటా లెక్కపెట్టాడు. "పద్నాలుగు రీళ్ళు. ఫుల్ సినిమా" అన్నాడు. ఆ సర్వర్ ఒక్కొక్క టేబుల్ దగ్గరా ఆగి, పై నుంచి ఒక్కొక్కటే తీసి పెడతా, మా దగ్గరికొచ్చేసరికి చేతి మీద రెండే మిగిలాయి. చుట్టూ ఎవరూ తల ఎత్తలేదు. మామ నాకేసి చూశాడు, నేను చూశా, ఇద్దరం తిన్నాం.

పోయేటప్పుడు వీవీ పురం వీబీ బేకరీలో కాంగ్రెస్ కడ్లెబీజ కట్టించా, కారం వేసి వేయించిన పల్లీ బద్దలు, మా బార్లో చిన్న ప్లేట్లో ఇచ్చేవి ఇవే. 1969లో లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌లో కాంగ్రెస్ మీటింగ్ జరిగింది, ఆ ఏడే పార్టీ రెండు ముక్కలైంది, గింజ కూడా రెండు బద్దలు కాబట్టి ఆ పేరని ఇక్కడ చెప్పుకుంటారు. మామకి అది అన్నిటికంటే నచ్చింది, ఇంకో అర కిలో ఎక్స్‌ట్రా, అందరికీ ఈ కథ చెప్పి పంచాలంట. పితికిపప్పు మూడు రోజులుగా మా ఫ్రిజ్‌లోనే ఉంది, తీసుకెళ్ళమంటే మీరే చేసుకోండి అన్నాడు.

రైలు కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడితే అత్తతో ఫోన్లో మాట్లాడుతున్నాడు, నా గురించో ఊరి గురించో చెప్తాడనుకుని చెవి పెట్టా. "ఈసారి నువ్వూ రా, నువ్వుంటే పబ్బులోకి రానిస్తారు... ఆ, ఎప్పుడైనా సరే, శుక్రవారం మాత్రం వద్దు, ఆట ఉండదు" అంటున్నాడు.